మా వేళ్ల మీది గీతలు లక్కపనిలోనే అరిగిపోయాయి మంత్రిగారూ

హస్తకళల సంగతులు చూసే గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ తెల్లకాగితం మీద రాసి, మా ఆయన చేత కూడా సంతకం పెట్టించి పోస్టులో పంపాను. పంపిన రసీదులు నా దగ్గరే ఉన్నాయి. దేనికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. మీకు తీరిక లేకపోయినా, మీ దగ్గరకు వచ్చిపోయేవాళ్లలో ఒక్కరైనా చదివి మీ చెవిన వేస్తారని ఆశ.

మాది ఏటికొప్పాక. 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది మా ఊరి బొమ్మలే. మూడో బహుమతి కూడా వచ్చింది. ఆ పొద్దున నేనూ ఆయనా టీవీ ముందు నుంచి లేవలేదు. శకటం వెళ్లిపోయాక కూడా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అంతకు నెల రోజుల ముందే ఆయన్ని ఒక కంప్యూటర్ సెంటర్ నుంచి మూడోసారి తిప్పి పంపారు. వేలిముద్ర పడలేదని.

ఈ ఉత్తరమంతా ఆ వేలిముద్ర గురించే. దయచేసి చివరిదాకా చదవండి.

ఆయన ప్రైవేటు కంపెనీలో ఫిట్టరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. నేను ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి మానేశాను. మా ఇద్దరికీ ప్రభుత్వ ఉద్యోగాలు లేవు, ప్రభుత్వ పింఛనూ లేదు. రిటైరయ్యాక ఆయన మొట్టమొదట చేసిన పని, పెరటి పాకలో మూలపడి ఉన్న మా మామగారి ఉలులు బయటకు తీసి సాన పట్టించడం. చిన్నప్పుడు నేర్చుకున్న పని కదా, చేతులు మర్చిపోలేదు. రెండు నెలల్లో లేత్ మిషన్ బిగించుకున్నారు. ఆ శబ్దానికి నేనూ వెళ్లి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అప్పటినుంచి ఇద్దరం కలిసే చేస్తున్నాం. తొమ్మిదేళ్లయింది.

అంకుడు కర్ర తెచ్చి, ఆరబెట్టి, ముక్కలు కోసి లేత్ మీద పట్టేది ఆయన. లక్క పని నాది. లక్కను కుంపటి మీద మెత్తబడేదాకా కాచాలి. అందులో రంగు కలిపి, చల్లారకముందే సాగదీసి మడవాలి, మళ్లీ సాగదీసి మళ్లీ మడవాలి. రంగు అంతటా ఒకేలా కలిసేదాకా చెయ్యి ఆపకూడదు. చల్లారిందంటే రాయిలా బిగుసుకుపోతుంది, వేడిగా ఉంటే వేళ్లకు అంటుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కాస్త సమయంలోనే పని అయిపోవాలి. నారింజ రంగుకు జాఫ్రా గింజలు, పసుపు రంగుకు పసుపు, నీలానికి నీలిమందు, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ. ఇలా చేసిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి నొక్కి రుద్దితే మెరుపు వస్తుంది. ఆ నొక్కడం, రుద్దడం అంతా వేళ్ల కొసలతోనే. అంతకుముందు గరుకు కాగితం పెట్టి కర్రను నునుపు చేసేదీ వేళ్ల కొసలతోనే.

ఇప్పుడు ఆ వేళ్ల సంగతి చెబుతాను.

చేతిపనివాళ్ల కోసం పెట్టిన విశ్వకర్మ పథకం మీకు నేను వివరించక్కర్లేదు. రోజుకు 500 రూపాయలు ఇచ్చే శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి అప్పు, అన్నీ మీకు తెలిసినవే. మాకు అప్పు వద్దు. ఈ వయసులో అప్పు చేసి ఎవరి నెత్తిన పెడతాం? ఆ సర్టిఫికెట్, ఆ గుర్తింపు కార్డు వస్తే చాలనుకుని ఆయన్ని తీసుకుని సెంటర్‌కు వెళ్లాను. అక్కడి కుర్రాడు మంచివాడు. "తాతగారూ, బొటనవేలు పెట్టండి" అన్నాడు. పెట్టారు. పడలేదు. చూపుడువేలు పెట్టమన్నాడు. పడలేదు. పది వేళ్లూ అయ్యాయి. తన రుమాలుతో ఆయన వేళ్లు తుడిచాడు, మిషన్ అద్దం తుడిచాడు, కొంచెం కొబ్బరినూనె రాయమన్నాడు. ప్రతిసారీ మళ్లీ అదే ఎర్ర లైటు. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. "కొన్నాళ్లు పని ఆపి రండి తాతగారూ, చర్మం మళ్లీ వస్తుంది" అని చెప్పి పంపాడు.

ఆపారు మంత్రిగారూ. సంక్రాంతి బొమ్మల కొలువులకు ఆర్డర్లు ఉన్న రోజుల్లో పన్నెండు రోజులు ఆయన లేత్ ముట్టుకోలేదు. రాత్రిపూట వేళ్లకు వెన్న రాసి గుడ్డ చుట్టేదాన్ని. పన్నెండో రోజున దీపం దగ్గర పెట్టి చూశాను. ఎడమచేతి ఉంగరపు వేలి మీద లేత గీతలు రెండు మూడు కనిపించాయి. చంటిపిల్లాడికి మొదటి పన్ను వచ్చినంత సంబరపడ్డాను. మర్నాడు వెళ్లాం. పడలేదు. మూడోసారి వెళ్లినప్పుడు ఆ కుర్రాడే కళ్లు దించుకుని, "నా చేతిలో ఏం లేదు మామ్మగారూ, మిషన్ తీసుకోవడం లేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఇంటికి వచ్చేదాకా ఆయన తన చేతులు జేబుల్లోంచి తీయలేదు. ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా కూర్చున్నారు బస్సులో. నాకు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.

వేలిముద్ర ఎందుకు పడదో మాకు తెలియక కాదు. వయసుతో చర్మం పలచబడుతుంది, గీతలు అణిగిపోతాయి. దానికి తోడు గరుకు కాగితం, వేడి లక్క. ఈ పని ఎంత బాగా చేస్తే గీతలు అంత త్వరగా అరుగుతాయి. చేతిపని చేసేవాళ్ల కోసం పెట్టిన పథకంలోకి వెళ్లే మొదటి తలుపు దగ్గరే చేతిపని చేసినవాళ్ల వేళ్లు ఆగిపోతున్నాయి. ఈ ఒక్క మాట మీ అధికారుల సమావేశంలో ఎవరైనా అన్నారా? అనకపోతే మీరు అనండి.

పింఛన్ల దగ్గర వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాప చూసే మిషన్లు, ముఖం చూసి గుర్తుపట్టే ఫోన్లు వాడుతున్నారు కదా. అవే ఇక్కడా పెట్టమని అడుగుతున్నాను. ఆ మాట సెంటర్‌లో అడిగితే మా దగ్గర లేదన్నారు. పై ఆఫీసులో అడిగితే అది సెంటర్ వాళ్లు చూసుకోవాలన్నారు. ఇంకో ఆఫీసులో ఇది కేంద్రం పథకం, మాకు సంబంధం లేదన్నారు. కేంద్రం ఎక్కడుందో నాకు తెలియదు. నేను ఓటు వేసేది ఇక్కడ. అందుకే మీకు రాస్తున్నాను.

ఆయన పేరు కాకపోతే నా పేరు పెట్టుకోమని సలహా ఇచ్చారు. నా వేలిముద్ర కష్టం మీద పడుతుంది, కుడిచేతి చిటికెనవేలు ఒక్కటి. కానీ ఇంటికి ఒక్కరే అని రూలు. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం, అందులో ఒక్కరికే. నా పేరు పెడితే తొమ్మిదేళ్లుగా లేత్ మీద వంగి నడుం వంచుకున్న మనిషి ఆ కాగితం మీద ఏమీ కాడు. ఆయన పేరు పెడితే లక్క కాచిన నేను ఏమీ కాను. మా మామగారి కాలంలో మోటారు లేదు. తాడు చుట్టి ఒకరు లాగుతుంటే ఒకరు ఉలి పట్టేవారు. ఆ తాడు లాగింది మా అత్తగారు. నలభై ఏళ్లు లాగింది. ఆమెను బొమ్మలు చేసే మనిషి అని ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు. నా కాలానికైనా రాస్తారనుకున్నాను. ఒక లక్కపిడత చేతిలో పెట్టుకుని చూడండి మంత్రిగారూ, అందులో కర్ర ఆయనది, రంగు నాది. ఏది గీకేసి ఏది ఉంచమంటారు?

ఇంకో కార్డు ఉంది, చేతిపనివాళ్ల గుర్తింపు కార్డు. దానికి అధికారి వచ్చి పని చేయించి చూడాలి. అప్లికేషన్ పెట్టి పద్నాలుగు నెలలైంది. వస్తామని రెండుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లూ కుంపటి వెలిగించి, కర్ర బిగించి పొద్దుటి నుంచి కూర్చున్నాం. రెండోసారి సాయంత్రం ఆరింటికి బొగ్గుల మీద నీళ్లు చల్లాను. ఎవరూ రాలేదు. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే చోట దీని గురించి రాసి ఇస్తే రసీదు ఇచ్చారు. పది రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో చెప్పమని మళ్లీ వెళ్లి అడిగాను. కొత్త అర్జీ పెట్టుకోమన్నారు.

కార్డు లేకపోతే ఏమవుతుందని మీరు అడగవచ్చు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. కార్డున్న చేతిపనివాళ్లకు మినహాయింపు ఇచ్చారు, చాలా మంచి పని. కానీ కార్డు చేతికి రాని మాలాంటివాళ్లు ఎటు పోవాలి? ఎగ్జిబిషన్‌లో స్టాల్ అడిగితే మొట్టమొదట కార్డు చూపించమంటున్నారు. కిందటేడు ఒకచోట సామాను మొత్తం దించి, బల్ల మీద సర్దుకున్నాక, కార్డు లేదని తీసేయించారు. రెండు పెట్టెల లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు. మళ్లీ ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పెట్టెలో పెడుతుంటే, ఒక చిన్నపిల్ల వచ్చి బొంగరం కావాలని అడిగింది. అమ్మకూడదట కదా, ఊరికే ఇచ్చేశాను.

డబ్బు కోసం కాదు ఈ ఏడుపు. మేము చేసేవాటిలో సగం ఇచ్చేస్తూనే ఉంటాం. అంగన్‌వాడీ పిల్లలకు గిలక్కాయలు ఇచ్చాం. చంటిపిల్లలు ఏదైనా నోట్లోనే పెట్టుకుంటారు, మా రంగులతో ఆ భయం లేదు. ప్రతి ఆదివారం మా అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు కూర్చుని నేర్చుకుంటారు. మా ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరికి గుర్తింపు ఉంది, బొమ్మకు గుర్తింపు ఉంది. మాకూ ఇవ్వండి. ఆ పిల్లల్లో పదో తరగతి చదివే కుర్రాడు ఒకడు బాగా పట్టుకున్నాడు పని. ఉలి వాలుగా పట్టడం తన కంటే వాడికే బాగా వచ్చిందంటారు ఆయన. వాడు మొన్న అడిగాడు, "తాతా, నీకే కార్డు ఇవ్వలేదు, నాకు ఇస్తారా?" అని. ఆయన నా వైపు చూశారు. నేను లక్క కాగిపోతోందని లోపలికి వెళ్లిపోయాను.

అంకుడు కర్ర దొరకడం ఎంత కష్టమైపోయిందో వేరే ఉత్తరం రాయాలి. అది ఇప్పుడు కలపను. కలిపితే ఈ సంగతి పక్కకు పోతుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాపో ముఖమో చూసే ఏర్పాటు చెయ్యండి. కలిసి పనిచేసే మొగుడూ పెళ్లాలను ఇద్దరినీ పనివాళ్లుగా రాసుకోండి. ఆ రూలు ఢిల్లీది అయితే మీరు ఢిల్లీకి రాయండి, మీ ఉత్తరానికి జవాబు వస్తుంది. చూస్తామన్న అధికారిని ఒక్కసారి పంపండి. లేదా మీరే రండి. మీరు వస్తారని నేను అనుకోవడం లేదు కానీ, వస్తే మాత్రం కాస్త పొద్దున్నే రండి, ఎండెక్కితే కుంపటి దగ్గర కూర్చోలేరు. మిషన్‌కు కనిపించకపోయినా మీకు కనిపిస్తాయి ఆయన వేళ్లు. పట్టుకుని చూడండి, అంతే.

ఒక్క మాట. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయి. కుడికంటికి వచ్చే నెల ఆపరేషన్, తర్వాత ఎడమకంటికి. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు కంటిని జాగ్రత్తగా చూసుకోవాలి, ఏ మిషన్ దగ్గరా పెట్టనివ్వను. కాబట్టి కళ్లు చూసే మిషన్ పంపేదుంటే ఈ నెలలోనే పంపండి.

ఇట్లు,
లక్క కాచే ఆమె, లేత్ పట్టే ఆయన
ఏటికొప్పాక, అనకాపల్లి జిల్లా