వైద్య పరిశోధన సంస్థ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారికి నమస్కారం.

వేసవి ఇంటర్న్‌షిప్‌లో హైస్కూల్ పిల్లలకు చోటిచ్చినందుకు సంతోషం. కానీ దరఖాస్తులో ల్యాబ్ అనుభవం ఎందుకు అడుగుతున్నారండీ? అది నేర్చుకోవడానికే కదా వాళ్లొచ్చేది! చాలా కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ బటన్‌ను మొదటి స్టాప్ దాకా నొక్కి ద్రవం పీల్చాలని, వదిలేటప్పుడు రెండో స్టాప్ దాకా నొక్కాలని చేత్తో చేస్తేనే వంటబడుతుంది. కరెంటు పెట్టిన జెల్‌లో, అంటే జెల్లీ లాంటి పలకలో, డీఎన్‌ఏ చిన్న ముక్కలు పెద్దవాటిని దాటిపోవడం కళ్లారా చూసిన పిల్ల ఆ పాఠాన్ని ఇక బట్టీ పట్టక్కర్లేదు.

స్టైపెండ్ కూడా ఇవ్వండి. లేకపోతే సెలవుల్లో పనికెళ్లి ఇంటికి ఆసరా అయ్యే పిల్లలు దరఖాస్తే పెట్టరు. రోగుల పేర్లున్న ఫైళ్లు మాత్రం వాళ్ల చేతికి వద్దు, పేర్లు తీసేసిన డేటా చాలు. పక్కన నేర్పే మనిషి రోజూ ఉండాలి.

వచ్చే వేసవి నోటిఫికేషన్‌లోనే ఈ మార్పులు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్