టెంప్లేటులో 40 అని కొట్టి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ చదివిన పిల్లలు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందో మీ చదువుల పేజీలో రాస్తుంటారు, మంచిదే, కానీ ఆ కోర్సుల్లో చెప్పని సంగతి ఒకటి ఉంది.

నేను హైదరాబాద్‌లో స్టీల్ డిటైలింగ్ చేస్తాను. ఉక్కు బీమూ (దూలం) కాలమూ (స్తంభం) ఎలా కలుస్తాయో టెక్లా స్ట్రక్చర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్లు ప్లేట్లు కోసుకోవడానికి డ్రాయింగులు ఇచ్చే పని. ఒక్క షెడ్డులోనే ఒకే రకం కనెక్షన్ పదులసార్లు వస్తుంది కాబట్టి దాన్ని ఒకసారి కస్టమ్ కాంపొనెంట్‌గా, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే టెంప్లేటుగా, చేసి దాచుకుంటాం. మోడల్‌లో ప్లేటు అంచుల్ని బీము ఫ్లాంజిలకు (పైనా కిందా ఉండే పలకలకు) కట్టేస్తే చాలు, బీము ఐఎస్‌ఎంబీ 300 (300 మిల్లీమీటర్ల ఎత్తుది) నుంచి 450కి మారినా ప్లేటు దానంతట అదే పెరుగుతుంది. ప్లేటు మందం, బోల్టు సైజు వేరియబుల్స్‌గా, అంటే కావాల్సినప్పుడు మార్చుకునే విలువలుగా, పెట్టుకుంటే తర్వాతి ప్రాజెక్టుకీ పనికొస్తుంది. ఎంత హాయో చెప్పలేను!

నా మొదటి ఎండ్ ప్లేటు (బీము చివర ఉండే ప్లేటు) టెంప్లేటులో బుద్ధి గడ్డి తిని, బోల్టు రంధ్రం మధ్య నుంచి ప్లేటు అంచుకి దూరం 40 మిల్లీమీటర్లని అంకె కొట్టేశాను. అప్పుడు వాడింది ఎం20 బోల్టు, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది, రంధ్రం 22. చేత్తో గ్యాస్ కటింగ్ చేసిన అంచుకి ఉక్కు కట్టడాల కోడ్ (నియమాల పుస్తకం) ఐఎస్ 800:2007 ప్రకారం ఆ దూరం రంధ్రం వ్యాసానికి కనీసం 1.7 రెట్లు ఉండాలి, అంటే 37.4, కాబట్టి 40 సరిపోయింది. కొన్నాళ్లకి పక్క సీటు కుర్రాడు అదే టెంప్లేటులో ఎం24 ఎంచుకున్నాడు. రంధ్రం 26, కావాల్సింది 44.2. నా 40 మాత్రం కదల్లేదు. స్క్రీన్ మీద అంతా ముచ్చటగా ఉంది, ఎర్ర గీత కూడా రాలేదు, తప్పు బయటపడేసరికి షాపులో ప్లేట్లు కోసేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అప్పుడు చెకింగ్ మొదలుపెట్టాం. తిట్లు వాడికి పడ్డాయి గానీ తప్పు నాదే.

అక్కడ 40 బదులు రంధ్రాన్ని 1.7తో గుణించే ఫార్ములా పెట్టి ఉంటే సరిపోయేది, రెండు నిమిషాల పని. బోల్టుల మధ్య దూరమూ అంతే, బోల్టు వ్యాసానికి 2.5 రెట్ల కంటే తగ్గకూడదు, ఎం20కి 50 అయితే ఎం24కి 60. మిషన్ మీద కోస్తే 1.7 కాదు 1.5 చాలు, అంటే అంచు ఎలా కోస్తారన్నది కూడా ఒక వేరియబులే, ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

అమీర్‌పేటలో కోర్సు చేసి మా దగ్గరికి వచ్చే పిల్లలకి కమాండ్లన్నీ నోటికి వస్తాయి, కాకపోతే ఈ 40 ఎక్కడి నుంచి వచ్చిందంటే బిక్కమొహం వేస్తారు. కోడ్ పుస్తకం కాలేజీలో చదివారు, సాఫ్ట్‌వేర్ బయట నేర్చుకున్నారు, రెండింటినీ కలిపి చూపించినవాళ్లు లేరు. నేర్పేవాళ్లకి నాదొక మనవి, చివరి వారం ఒక్క ఎండ్ ప్లేటే ఇచ్చి, ఎం20ని ఎం24 చేస్తే ఏయే కొలతలు మారాలో ముందు కాగితం మీద రాయించండి, ఆ తర్వాతే మౌస్ ముట్టుకోనివ్వండి.

— ఒక స్టీల్ డిటైలర్, హైదరాబాద్