రిపోర్టు వచ్చేలోగా రోగి గతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

గత నెల గడ్డం గీసుకుంటుండగా దవడ కింద శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. చూపించుకున్న ఆసుపత్రిలో సూదితో నమూనా తీసి, ‘వారం తర్వాత రండి’ అన్నారే తప్ప, ఆ గడ్డ ఏమై ఉండవచ్చో, ఆ వారం ఎలా గడపాలో ఒక్క మాటైనా చెప్పలేదు. రోజుకు ఇరవైసార్లు దాన్ని నొక్కి చూసుకోవడం, నొక్కీ నొక్కీ అక్కడ నొప్పి పుడితే అదీ క్యాన్సరు లక్షణమేమోనని అర్ధరాత్రి దుప్పటి కింద ఫోనులో వెతకడం, ఇంట్లో వాళ్లకు మాత్రం పంటి నొప్పని బొంకడం నా దినచర్య అయిపోయింది. తీరా చూస్తే అది నిజంగా పంటి తంటాయే. చిగురు ఇన్ఫెక్షన్‌కు లింఫు గ్రంథి ఉబ్బిందట.

గట్టిగా ఉండి, వారాలు గడిచినా తగ్గని గడ్డను డాక్టరుకు చూపించాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే మెడలో గ్రంథులు ఎక్కువగా ఇన్ఫెక్షన్ల వల్లే ఉబ్బుతాయన్న మాట ముందే చెబితే ఎవరి సొమ్ము పోతుంది? క్యాన్సరు వైద్యానికి మన అగనంపూడిలో హోమీ భాభా ఆసుపత్రి ఉంది; మనసులోని భయం చెప్పుకోవడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉంది, 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నమూనా తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదుపై ఈ నంబరు ముద్రించేలా నగరంలోని ఆసుపత్రులను, ల్యాబులను జిల్లా వైద్యారోగ్య అధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం