పది లెక్కపెట్టడం నేర్పిన మేడమ్‌కి

మా చిన్నోడికి మాటలొచ్చాయి. ఈ ముక్క రాయడానికి నాకు ఏడాది పైనే పట్టింది. వాడికి మాట నేర్పినవాళ్ళ పేర్లు రాసి మరీ దండం పెట్టాలని ఉంది కానీ, పేర్లు వద్దన్నారు. అందుకని మా స్పీచ్ థెరపిస్ట్‌ని మేడమ్ అనే రాస్తున్నాను. చదివితే ఆవిడకే తెలుస్తుంది.

27 నెలలప్పుడు వాడికున్నవి ఆరంటే ఆరు మాటలు. రెండేళ్ళు నిండేసరికి పిల్లలు యాభై దాకా మాటలు పలుకుతారని, రెండేసి మాటలు కలపడం మొదలుపెడతారని నాకు అప్పటికి తెలియదు. ఏదైనా కావాలంటే మావాడు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, ఆ చేతినే వస్తువు మీద పెట్టేవాడు. మనం చెప్పింది మాత్రం అన్నీ అర్థమయ్యేవి. "నాన్న చెప్పులు తీసుకురా" అంటే జత తప్పకుండా తెచ్చేవాడు. అందుకే ఇంట్లో ఎవరికీ కంగారు పుట్టలేదు. ఏడాదిన్నరప్పుడే ఒక డాక్టర్‌ని అడిగితే, "మగపిల్లలకి ఆలస్యమేనమ్మా, మూడేళ్ళకి అవే వస్తాయి" అని పంపించేశారు. ఆ మాట పట్టుకుని తొమ్మిది నెలలు కూర్చున్నాను. ఆ కోపం ఇంకా పోలేదు. ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ.

మొదటి కృతజ్ఞత చెవి పరీక్ష చేసినాయనకి. పిలిస్తే పలుకుతున్నాడు కదా, వినికిడికేం లోటని వాదించాను. తలుపు చప్పుడు వినబడినంత మాత్రాన మాటలో ఉండే స, శ లాంటి సన్నటి శబ్దాలు కూడా వినబడుతున్నట్టు కాదని ఓపిగ్గా చెప్పారు. శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా పరీక్షకి పిల్లాడు నిద్రలో ఉండాలి. మావాడు కళ్ళు మూయక రెండుసార్లు పరీక్ష కాకుండానే వెనక్కి వచ్చేశాం. మూడోసారి వాడు నిద్రపోయేసరికి ఆయన ఇంటికెళ్ళే వేళ దాటిపోయింది. ఒక్క మాట అనకుండా కూర్చుని పరీక్ష పూర్తి చేశారు. వినికిడి బాగానే ఉందని తేలాక గానీ మేడమ్ దగ్గర థెరపీ మొదలు కాలేదు.

మొదటి రోజు ఆవిడ చేసిందల్లా సబ్బు బుడగలు ఊదడం. నిజం చెప్తున్నాను, నాకు ఒళ్ళు మండింది. ఇందుకా ఇంత దూరం వచ్చింది అనుకున్నాను. ఆవిడ ఊదుతారు, సీసాకి మూత గట్టిగా బిగిస్తారు, వాడి చేతికి ఇస్తారు, నోరు మూసుకుని వాడి మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. వాడికి మూత రాదు. సీసా చూస్తాడు, ఆవిణ్ణి చూస్తాడు. ఆవిడ కదలరు. నేను ఆగలేక "తియ్యమను నాన్నా, తియ్యమను" అంటుంటే చేత్తో నన్ను ఆపారు. మూడో వారం వాడు "తీ" అన్నాడు. గట్టిగా కూడా కాదు, ఊపిరి వదిలినట్టు. ఆ క్షణమే మూత తెరుచుకుంది, గది నిండా బుడగలు. నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

తర్వాత నేను వాడితో ఆడుకునే ఐదు నిమిషాల వీడియో తీసి నాకే చూపించారు. అందులో నేనడిగిన ప్రశ్నలు 34. ఇదేంటి? ఇదేం రంగు? ఆవు ఎలా అరుస్తుంది? జవాబు కోసం ఆగింది ఒక్కసారి కూడా లేదు. నేను ఆడుకోవడం లేదు, వైవా తీసుకుంటున్నాను! "ప్రశ్న అడక్కండి, వాడు చూస్తున్నదాని గురించి మీరే ఒక చిన్న మాట అనండి. అని, మనసులో పది లెక్కపెట్టండి" అన్నారు. పది అంకెలు అంత పొడుగుంటాయని నాకు తెలియదు.

రంగులు, అంకెలు పక్కన పెట్టించారు. రా, తీ, ఇవ్వు, వద్దు, ఇంకా... ముందు పని జరిపించే మాటలు కావాలన్నారు. ఎంత పొట్టి మాటలో చూడండి, మన భాషలో ఒక్క అక్షరంతో తలుపులు తెరుచుకుంటాయి. వాడు "బా" అంటే "పెద్ద బంతి" అనాలి, ఒక్క మెట్టే ఎక్కువ. సరిగ్గా పలకమని సరిచేయకూడదు. ఒకే వస్తువుకి ఎప్పుడూ అదే శబ్దం వాడితే అది కూడా మాటే, నోట్‌బుక్‌లో రాసుకోమన్నారు. "అయిపోయింది"ని వాడు "పోయిన్" అనేవాడు. రాసుకున్నాను.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని, నాలుక మందమని, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, మనకి బాగా వచ్చిన భాషలోనే మాట్లాడమని మేడమ్ తేల్చేశారు. ఫోన్ సంగతిలో మాత్రం నన్ను తిట్టలేదు. ఫోన్ చూసినంతసేపూ వాడితో ఎవరూ మాట్లాడటం లేదు, పోయేది ఆ సమయమే అన్నారు అంతే. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట. మా ఇంట్లో అప్పటికి ఆ గంట పొద్దున్నే అయిపోయేది.

మా అత్తయ్య గారికి విడిగా చెప్పుకోవాలి. మనవడు నోరు తెరవకముందే కావాల్సింది చేతిలో పెట్టే మనిషి ఆవిడ. వాడు అడిగేదాకా ఆగండి అంటే పసివాణ్ణి ఏడిపిస్తామా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వాడు గ్లాసు చూపిస్తుంటే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వాడు "నీ" అన్నాడు. నీళ్ళు పట్టడం కన్నా ముందు నోట్‌బుక్ ఎక్కడుందని అరిచారు.

అంతా ఇలాగే సాగలేదు. మధ్యలో రెండు నెలలు ఒక్క కొత్త మాట లేదు, థెరపీ మానేద్దామా అన్నంత వరకు వచ్చాం. మా వారే లాక్కొచ్చారు. వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున మేడమ్ దగ్గర. మిగతా వారమంతా ఇంట్లో మా వంతు.

ఇప్పుడు వాడికి మూడేళ్ళ నాలుగు నెలలు. వసపిట్టే! రైలుని "లైలు" అంటాడు. ర పలకడానికి ఇంకా టైముంది, కంగారు పడకండి అన్నారు మేడమ్. ఈసారి పడటం లేదు. నోట్‌బుక్‌లో 212 దగ్గర రాయడం ఆపేశాను, నా చెయ్యి అందుకోలేకపోయింది. చివర రాసిన మాట "ఆగు". బుడగల సీసా మూత నేను తీయబోతుంటే, నా చెయ్యి పక్కకి నెట్టి, నాతోనే అన్నాడు.