సొరచేప పళ్ల పిచ్చి

ఒరేయ్ రాజూ,

సెలవు రోజుల్లో ఏం చేస్తున్నావని అడిగావు. సొరచేప పళ్లు ఏరుతున్నాను. నవ్వితే నవ్వావు కానీ ఉత్తరం పూర్తిగా చదువు.

మా మేరీలాండ్‌లో చెసపీక్ అఖాతం పడమటి ఒడ్డున కాల్వర్ట్ చరియలని ఉన్నాయి. కోటి సంవత్సరాలకు పైబడిన కాలంలో అక్కడున్న లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న మట్టే ఇప్పుడు గోడలా నిలబడింది. వానకూ అలలకూ అది విరిగిపడినప్పుడల్లా లోపల పూడిన ఆనాటి సొరచేపల పళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. సొరచేపకు జీవితమంతా పళ్లు ఊడుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, వేల లెక్కన. ఒంట్లో ఉన్నది మృదులాస్థి కాబట్టి చచ్చాక అస్థిపంజరం సాధారణంగా మిగలదు, పళ్లు మిగులుతాయి. అక్కడి పార్కులో చరియల కింద నడవనివ్వరు, తవ్వనివ్వరు. అదీ మంచిదే, ఆ పెళ్లలు నెత్తిన పడితే మనమే శిలాజాలమవుతాం. ఆటు వేళ ఒడ్డున గులకరాళ్ల బారు వెంట వంగి నడవడమే పని. గాలివాన వెలిసిన మర్నాడైతే మరీ బాగుంటుంది.

వచ్చినవాళ్లంతా మెగలొడాన్ అని ఎప్పుడో అంతరించిన రాకాసి సొరచేప ఉండేది, దాని అరచేయంత పన్ను కోసమే చూస్తారు. నాకు ఆ మోజు లేదు. గోరంత పన్ను తెచ్చుకుని, అది ఎవరిదో తేల్చడంలోనే నాకు ఆనందం. రంగును నమ్మకూడదు. నలుపో బూడిదో అన్నది అది పూడిన మట్టిలోని ఖనిజాలను బట్టి వస్తుంది. చూడాల్సింది ఆకారం, అంచు. సన్నగా సూదిలా ఉండి, మొదలు దగ్గర రెండు వైపులా చిన్న మొనలుంటే శాండ్ టైగర్ అనే సొరచేపది. వెడల్పుగా ఉండి అంచు నున్నగా ఉంటే హేస్టాలిస్ అనే పాతకాలపు సొరచేపది. దీన్ని చాలాకాలం ‘మాకో’ అనే సొరచేపల జాతిలో వేశారు, ఇప్పుడేమో గ్రేట్ వైట్ సొరచేప పూర్వీకుల వరసలోకి మార్చారు. శాస్త్రజ్ఞులే అంతకాలం తన్నుకున్నారంటే, వంటగది బల్ల మీద భూతద్దం పట్టుకున్న నా సంగతి చెప్పాలా!

అసలు ఇవి పళ్లని నమ్మడానికే జనానికి చాలాకాలం పట్టింది. యూరప్‌లో వీటిని రాతి నాలుకలనేవారు, విషానికి విరుగుడని దాచుకునేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర పట్టిన పెద్ద సొరచేప తలను స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడు కోసి చూసి, దాని పళ్లూ ఈ రాళ్లూ ఒకే తీరున ఉన్నాయని గట్టిగా వాదించాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది హెమిప్రిస్టిస్ అనే సొరచేప పన్ను. పై దవడ పన్ను వెడల్పుగా, కొద్దిగా వంగి, రెండంచులా మొరటు రంపంలా ఉంటుంది. చిట్టచివర మాత్రం గరుకు ఆగిపోయి మొన నున్నగా ఉంటుంది. అది కనబడిందా, ఇక భూతద్దం అక్కర్లేదు. కింది పళ్లేమో సన్నటి కోరలు, పక్కన పెడితే వేరే చేపవేమో అనిపిస్తాయి. ఈ జాతి అట్లాంటిక్‌లో ఎప్పుడో అంతరించింది. దాని దగ్గరి చుట్టం మాత్రం హిందూ మహాసముద్రంలో ఇంకా బతికే ఉంది. ఇక్కడ నేను రాయిగా ఏరుతున్నది మన వైపు నీళ్లలో ఈదుతోందిరా!

అందుకే నీకో పని. విశాఖ చేపల రేవుకు ఎలాగూ వెళ్తుంటావు కదా, వలలో పడిన సొరచేప ఏది కనబడినా నోరు తెరిపించి ఫోటో తీసి పంపు. పై దవడ, కింది దవడ విడివిడిగా, పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి తియ్యి. కొలత తెలియాలి. పిల్లలకు ముద్దులు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ,
శేఖర్