జరగని సమ్మెకు ఇన్ని తిట్లా?

సంపాదకులకు,

2024 ఆగస్టు 28 నుంచి పోర్టుల్లో సమ్మె అన్నప్పుడు, పోర్టు కార్మికులమైన మమ్మల్ని దేశానికి అడ్డం అంటూ మీరు వేసిన వ్యాసం చదివి రెండు వారాలు దాటింది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

అసలా సమ్మె జరగనే లేదు కదండీ! 27న ఢిల్లీలో ఒప్పందం కుదిరింది, 28న మామూలుగా డ్యూటీకి పోయాం. జరగని సమ్మెతో దేశం ఎంత నష్టపోతుందో లెక్కగట్టిన మీ రచయిత, మా పాత వేతన ఒప్పందం 2021 డిసెంబరుతోనే ముగిసిందన్న ముక్క మాత్రం రాయలేదు. ఆ తర్వాత రెండేళ్ల ఎనిమిది నెలలు చర్చలు, వాయిదాలు, మళ్లీ చర్చలు. చివరికి 8.5 శాతం పెంచడానికి సమ్మె నోటీసు కావాల్సొచ్చింది. ఫైలు మీద అన్నాళ్లు కూర్చున్న ఆఫీసర్లను దేశానికి అడ్డం అని ఎవరూ అనరు. ఆ మాట మాకే రాసిపెట్టి ఉంది.

యూనియన్ నాయకులంతా సత్యహరిశ్చంద్రులని నేననను. జెండాకో యూనియన్, యూనియన్‌కో వర్గం, మా తగవులు మాకున్నాయి. కానీ మా తాత రోజుల్లో మేస్త్రీ వేలు చూపినవాడికే ఆ పూట కూలి. 1948లో డాక్ కార్మికుల చట్టం, 1959లో విశాఖకు డాక్ లేబర్ బోర్డు (ఓడల దగ్గర పనిచేసే కార్మికులకు పని పంచే సంస్థ) వచ్చాకే మా నాన్నకు ఓడ లేని రోజు కూడా హాజరు డబ్బులు దక్కాయి. అవి యూనియన్లు లేకుండా రాలేదు. 2008లో ఆ బోర్డును పోర్టులో కలిపేశారు. ఇప్పుడు ఓడ ఆగే బెర్తు మీద ఎటు చూసినా కాంట్రాక్టు కుర్రాళ్లే. మాస్కు బదులు ముఖానికి తువ్వాలు. మళ్లీ మేస్త్రీ వేలు దగ్గరికే వచ్చామేమో.

పోర్టు పక్కనున్న జ్ఞానాపురంలో దండెం మీది బట్టలు బొగ్గు పొడికి నల్లబడితే ఫొటో వేస్తారు. వేయాల్సిందే. ఆ బొగ్గు పక్కనే ఎనిమిది గంటలు నిలబడేవాడి ఫొటో ఎప్పుడైనా వేశారా? మేం మీకు కనబడేది జెండా పట్టుకున్న రోజేనా?

ఈ ఒప్పందం గడువు 2026 డిసెంబరు 31. తర్వాతి చర్చలు ఎప్పుడు మొదలుపెడతారో మంత్రిత్వ శాఖను ఇప్పటినుంచే అడుగుతూ ఉండండి. అప్పుడు మమ్మల్ని తిట్టే వ్యాసానికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

– ఒక పోర్టు కార్మికుడు, విశాఖపట్నం
(పేరు వేయవద్దని మనవి. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది.)