పిట్టగోడ మీది రావిమొక్క

సింగపూర్,
ఆదివారం రాత్రి

నాన్నా,

మద్రాసులో మన పెరంబూరు మేడ పిట్టగోడలో మళ్ళీ రావిమొక్క మొలిచిందనీ, యాసిడ్ పోయించబోతున్నారనీ అమ్మ ఫోన్లో చెప్పింది. దయచేసి ఒక్క వారం ఆగండి.

నిన్న మ్యాక్‌రిచ్చీ అడవికి వెళ్ళాను. అక్కడ చెట్ల తలల మధ్య 250 మీటర్ల వేలాడే వంతెన ఉంది. 2004లో తెరిచారు. ఒకచోట నేల 25 మీటర్ల కింద కనిపిస్తుంది. వంతెన దాకా నడిచే దారిలో పట్టపగలే మునిమాపులా ఉంది. ఇలాంటి వానాడవుల్లో నేలకు దిగే వెలుతురు నూటికి ఒకటి రెండు వంతులే. ఆ నీడలో మోకాలెత్తు మొక్కలు ఏళ్ళ తరబడి ఎదగకుండా అలాగే నిలబడి ఉంటాయి. ఎప్పుడో ఒక పెద్ద చెట్టు కూలి పైన సందు పడితే, అన్నీ పోటీపడి లేస్తాయి. రాలిన ఆకును చెదలు, శిలీంధ్రాలు త్వరగా కుళ్ళబెడతాయి, ఆ సారాన్ని వేళ్ళు వెంటనే లాగేసుకుంటాయి. అందుకే ఇంత పచ్చదనం కింద మట్టిలో బలం ఉండదు.

వంతెన ఎక్కితే ఎండ, గాలి, పక్షులు. వేరే ఊరికి వచ్చినట్టుంది. కొమ్మల మీద పక్షిగూడు ఫెర్న్‌లనే మొక్కలు రాలే ఆకుల్ని గిన్నెలా పట్టుకుని, తమ ఎరువు తామే చేసుకుంటున్నాయి. ఒక మానుకు కొలుగో అనే జంతువు అతుక్కుని నిద్రపోతోంది, అచ్చం బెరడు రంగులో. రాత్రయితే ఒంటిచుట్టూ ఉన్న చర్మం పరిచి, చెట్టు నుంచి చెట్టుకు వంద మీటర్లకు పైగా గాల్లో జారగలదు.

వీటన్నిటినీ దాటి తల ఎత్తేవి మన గుగ్గిలం చెట్టు చుట్టాలే. బోర్నియోలోని డానమ్ లోయలో అలాంటి ఒకదాన్ని 2019లో ఎక్కి కొలిస్తే 100.8 మీటర్లు తేలింది. మౌంట్‌రోడ్డు ఎల్‌ఐసీ బిల్డింగు మీద ఇంకో ఎల్‌ఐసీ పెట్టినంత!

కానీ నేను ఎక్కువసేపు నిలబడి చూసింది ఒక మర్రిజాతి చెట్టును. పక్షి రెట్టలోని గింజ కొమ్మ మీదే మొలిచి, వేళ్ళు కిందికి దించి, ఆసరా ఇచ్చిన చెట్టునే చుట్టేస్తుంది. క్రూరమే అనిపించింది. అయితే మన రావి కూడా చేరే ఈ జాతి చెట్లన్నీ ఒకేసారి కాయవు, ఒకటి కాకపోతే ఒకటి కాస్తూ ఉంటుంది. మిగతా పళ్ళు దొరకని నెలల్లో పక్షులకీ కోతులకీ ఇవే దిక్కు. చిన్నప్పుడు మీరు చూపించిన అడయార్ మర్రి గుర్తొచ్చింది. 1989లో గాలివానకు అసలు మాను కూలినా, ఊడలే ఆ చెట్టును నిలబెట్టాయి కదా.

గోడకు ప్రమాదమే, నిజం. అందుకని మేస్త్రీ చేత ఇటుకలు సడలించి, వేరు తెగకుండా తీయించండి. గుడి వెనక ఖాళీ జాగాలో పాతించండి. అమ్మను ఫోటో పంపమనండి.

మీ చిన్నమ్మాయి